సారె చూసి నవ్వారు

నేను కాపరానికి వెళ్ళిననాడు నా వెంట రెండు కావిళ్ళ సారె వచ్చింది.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. మేం నలుగురు ఆడపిల్లలం, ఒక అన్నయ్య. అక్కయ్య పెళ్ళికి చేసిన అప్పు తీరకుండానే నా పెళ్ళి వచ్చిపడింది. అయినా అమ్మ వారం రోజులు పొయ్యి దగ్గర్నుంచి లేవకుండా అరిసెలూ, మినపసున్ని వుండలూ, కాజాలూ చేసింది. చలిమిడి సరేసరి. మా వూరి లెక్కన అది ఘనమైన సారే. వీధిలో కావిళ్ళు వెళుతుంటే అరుగులమీద ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు. నాకెంత గర్వంగా వుందో చెప్పలేను.

అత్తవారి వూళ్ళో బిందెలు సావిట్లో దించారు. ఇరుగూ పొరుగూ చేరారు. ఒక పెద్దావిడ మూత తీసి లోపలికి చూసింది. "ఇంతేనా?" అని వుంటే నేనంత బాధపడేదాన్ని కాదు. ఆవిడేమీ అనలేదు. పక్కావిడ కేసి చూసి నవ్వింది. పక్కావిడ మరో ఆవిడ కేసి చూసి నవ్వింది. ఆ నవ్వు అలా సావిడంతా తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చి ఆగింది. మా అన్నయ్య మొహం కందగడ్డలా అయిపోయింది. "ఇది అమ్మ సరదాపడి పంపించిందండీ. నాన్నగారి తరపున అసలు సారె వెనకాల వస్తుంది" అనేశాడు. వెనకాల వచ్చేదేమీ లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

చాలా ఏళ్ళ తర్వాత, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక చరిత్ర పుస్తకం చదువుతూ వుంటే నాకీ సంగతంతా మళ్ళీ కళ్ళకు కట్టింది. అదే మూత తియ్యడం, అదే నవ్వు, అదే అన్నయ్య మాట! కాకపోతే అది మా అత్తవారి సావిడి కాదు, కాలికట్ నగరం. సంవత్సరం 1498. సారె తెచ్చిన పెద్దమనిషి పేరు వాస్కో డ గామా.

ఈ పేరు మనందరం చిన్నప్పుడు బట్టీ పట్టినదే. ఇండియాకి సముద్రమార్గం కనిపెట్టినవాడెవరు? ఏ సంవత్సరంలో? రెండు మార్కులు. ఆ రెండు మార్కులూ మనకి రాగానే ఆయనతో మన పని అయిపోయింది. ఆయన సారె తెచ్చాడనీ, దాన్ని చూసి మనవాళ్ళు నవ్వారనీ ఏ మేష్టారూ చెప్పిన పాపాన పోలేదు.

ఈ సంగతులు మనకెలా తెలిశాయంటే, ఆ ఓడల్లో వచ్చినవాళ్ళలో ఒకాయన రోజువారీగా అన్నీ రాసిపెట్టాడు. తన పేరు మాత్రం రాసుకోలేదు. అల్వారో వెల్యో అనే ఆయన అయివుంటాడని చాలామంది పండితుల నమ్మకం. దాని పాత ప్రతి పోర్చుగల్లో పోర్టో నగరపు గ్రంథాలయంలో వుంది. 2013లో యునెస్కోవారు దాన్ని ప్రపంచానికంతటికీ చెందిన జ్ఞాపకాల జాబితాలో చేర్చారు. యుద్ధాల లెక్కలు రాసే చరిత్రకారుల కన్నా ఈ పేరులేని మనిషే నాకు ఎక్కువ నచ్చాడు. ఎందుకంటే ఆయన ఏ వూరెళ్ళినా అక్కడివాళ్ళు ఏం కట్టుకున్నారు, ఏం తిన్నారు, ఏం పెట్టుకున్నారు అని చూశాడు. మనమూ పేరంటానికి వెళ్ళి అవే కదండీ చూసేది!

గామా 1497 జులై 8న లిస్బన్ దగ్గర బయలుదేరాడు. నాలుగు ఓడలు, సుమారు 170 మంది మనుషులు. ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి రావాలి. కొత్తచోట్ల ఇవ్వడానికని గంటలూ, గాజుల్లాంటి కడియాలూ, ఎర్రటోపీలూ, పూసలూ పట్టుకొచ్చారు. అవి ఆఫ్రికా దక్షిణపు కొసన బ్రహ్మాండంగా పనిచేశాయి. అక్కడి పశువుల కాపరులకు మూడు కడియాలిస్తే ఒక ఎద్దునిచ్చారట! వాళ్ళు నాలుగైదు పిల్లంగోవులు కలిపి వాయించి నాట్యం చేశారు. గామా బాకాలు వూదించి, తన మనుషుల చేత పడవల్లో గంతులు వేయించి, తనూ వాళ్ళతో కలిసి గంతులు వేశాడు. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క తెలియదు. అయినా ఇరువైపులా ఆట జరిగింది. కొద్దిరోజుల్లోనే మంచినీళ్ళ దగ్గర పేచీ వచ్చింది. వీళ్ళు ఒడ్డున పాతిన రాతి స్తంభాన్నీ, శిలువనూ, ఓడలు కదులుతూ వుండగానే వాళ్ళు పడగొట్టేశారు. ఆటా పేచీ అన్నీ అయిపోయాయి, ఇంకా ఇండియా రానేలేదు.

తూర్పు ఆఫ్రికాలో మలింది అనే రేవులో రాజు ఒక మార్గదర్శిని ఇచ్చాడు. రుతుపవనాల గుట్టు తెలిసిన మనిషి ఓడలో వుంటే ఏమవుతుందో చూడండి: అంత పెద్ద సముద్రాన్ని 23 రోజుల్లో దాటి మన మలబారు కొండలు చూశారు. 1498 మే 20న కాలికట్ దగ్గర్లో లంగరు దించారు.

ఇంత దూరం వచ్చి, తీరా ఒడ్డు చేరాక, ముందుగా ఎవర్ని దింపారనుకున్నారు? గామానా? కాదు. ఇలాంటి అపాయపు పనులకోసమే శిక్షపడ్డ ఖైదీలను కొందర్ని వెంట తెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకణ్ణి పంపారు. చస్తే వాడు చస్తాడని! వాణ్ణి వూళ్ళోవాళ్ళు నేరుగా ట్యునిస్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఇద్దరు వర్తకుల దగ్గరికి తీసుకెళ్ళారు. వాళ్ళకి స్పెయిన్ భాష వచ్చు. ఏ దయ్యం మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చిందని వాళ్ళు దులిపేశారు. క్రైస్తవుల్నీ, సుగంధద్రవ్యాల్నీ వెతుక్కుంటూ వచ్చామని వీడు చెప్పాడు. తిట్టినవాళ్ళే కూర్చోబెట్టి రొట్టే తేనే పెట్టారు. అంటే కొత్తలోకం కనిపెట్టామని దిగిన మనిషికి మొట్టమొదట ఎదురైనవాడు తన పొరుగు భాష మాట్లాడేవాడు! కాలికట్ అప్పటికే అంత పెద్ద రేవు. అరబ్బులూ, గుజరాతీలూ వందల ఏళ్ళుగా వచ్చిపోతూనే వున్నారు. కొత్తది వాళ్ళకే కానీ ఆ వూరికి కాదు.

మే 28న గామా 13 మందిని వెంటబెట్టుకుని ఒడ్డెక్కాడు. పల్లకీ పంపారు. దారి పొడుగునా ఇసకేస్తే రాలనంత జనం. ఇక్కడ మన డైరీ రచయిత ఒక మాట రాశాడు. ఆడవాళ్ళు కూడా చంకన బిడ్డలతో ఇళ్ళలోంచి బయటికొచ్చి వాళ్ళ వెంట నడిచారట.

ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పొయ్యిమీద గంజి వుండగా, బిడ్డని దింపడానికి కూడా తోచక, అలాగే చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తిన ఆడమనిషి నాకు కనిపించింది. వాళ్ళేం అనుకున్నారో ఆయన రాయలేదు. వాళ్ళు మెడలో బంగారపు నగలు, చేతులకి కడియాలు, కాలివేళ్ళకి రాళ్ళు పొదిగిన వుంగరాలు పెట్టుకున్నారని మాత్రం రాశాడు. మెట్టెలు చూశాడన్నమాట! పనిలో పనిగా వాళ్ళు పొట్టిగా, అందవికారంగా వుంటారని కూడా రాశాడు. ఏడాదిగా స్నానం లేని ఆ గడ్డాల మనుషుల్ని చూసి మన ఆడవాళ్ళేమని వుంటారో రాసిపెట్టేవాళ్ళుంటే లెక్క సరిపోయేది.

దారిలో ఒక పెద్ద గుడికి తీసుకెళ్ళారు. ఇక్కడ చూడాలి తమాషా! ఇండియాలో క్రైస్తవులున్నారని వాళ్ళు యూరప్‌లో విని వచ్చారు. కేరళలో నిజంగానే క్రైస్తవులుండేవారు కూడా. కానీ హిందువులనేవాళ్ళు ఒకరున్నారని గామాకి తెలియదు. ముస్లిములు కాకపోతే క్రైస్తవులే అయివుండాలి, అంతే లెక్క! అంచేత ఆ గుడి చర్చి అయిపోయింది. ధ్వజస్తంభం మీద పక్షి వాళ్ళ కళ్ళకి కోడిపుంజులా కనిపించింది. వాకిట్లో వేలాడే చిన్నగంటలు చర్చిగంటలు. అర్చకుల జంధ్యాలు పాదిరీల వస్త్రాలు. గర్భగుడి చీకట్లో వున్న అమ్మవారు మేరీమాత. గోడలమీది బొమ్మల్లో కొందరికి కోరలూ, నాలుగేసి అయిదేసి చేతులూ వున్నాయి. అయినా వాళ్ళు ఈ దేశపు పరిశుద్ధులని సరిపెట్టుకున్నారు. అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేశారు. ఒకాయనకి మాత్రం అనుమానం వచ్చి, ఇవి దయ్యాలైతే నా మొక్కు అసలు దేవుడికే అన్నాడనీ, గామా అది విని నవ్వాడనీ తరవాతి చరిత్రకారుడు రాశాడు.

మనం మాత్రం? కొత్త వూరెళితే ముందు మనకి తెలిసినదాని పోలికే వెతుక్కుంటాం. మా మనవడు బెంగుళూరునించి వచ్చి మా వూరి చెరువుని స్విమ్మింగ్‌పూల్ అన్నాడు.

ఆ మనవడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రాజుగారి కోటలో అతిథులకి చేతులు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, పళ్ళు పెట్టారు. పైన గరుగ్గా వుండి లోపల తియ్యగా వుండేది ఒకటి, అంజూరం లాంటిది మరొకటి అని రాశాడు డైరీ ఆయన. ఏముంది, పనసతొనలూ అరటిపళ్ళూ! తరవాత తాగడానికి కొమ్ముచెంబుతో నీళ్ళొచ్చాయి. పెదవికి తగిలిస్తే ఎంగిలి, ఎత్తి పోసుకోవాలి. పాపం వాళ్ళకేం తెలుసు! కొందరికి గొంతులో పడి పొలమారింది, కొందరికి మొహంమీదా చొక్కామీదా పడ్డాయి. రాజుగారు చూసి తెగ సంబరపడ్డారట. కిందటి వేసవిలో మా మనవడు సరిగ్గా ఇలాగే చెంబెత్తి నిలువెల్లా తడిశాడు. అందరం పగలబడి నవ్వాం. వాడూ నవ్వాడు. అలాంటి నవ్వువల్ల ఎవరికీ నొప్పి లేదు. పైగా చుట్టరికం కలుస్తుంది.

జామొరిన్ రాజుగారు ఆకుపచ్చ మఖమలు పరుపుమీద ఒరిగి, తాంబూలం నములుతూ, బంగారు పాత్రలో వుమ్ముతూ ఆ రాత్రి వాళ్ళ మాట విన్నారు. గామా మనిషి పోర్చుగీసును అరబ్బీలోకి మారిస్తే, అరబ్బీ తెలిసిన ఇక్కడివాళ్ళు దాన్ని రాజుగారికి చెప్పాలి. రెండు చేతులు మారిన మాట! అయినా మొదటిరోజు సవ్యంగానే గడిచింది.

మర్నాడు సారె విప్పారు.

రాజుగారికి ఏ కానుక వెళ్ళాలన్నా ముందు ఆయన వుద్యోగులు చూడాలి. గామా తన బసలో వాళ్ళముందు పరిచాడు. 12 చారల గుడ్డలు, 4 ఎర్ర బనాతు టోపీలు, 6 మామూలు టోపీలు, 4 పగడాల దండలు, 6 చేతులు కడుక్కునే పళ్ళాలు, ఒక పెట్టె చక్కెర, రెండు పీపాలు నూనె, రెండు పీపాలు తేనె.

వాళ్ళు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వారు.

మక్కానుంచి వచ్చే బీద వర్తకుడు కూడా ఇంతకన్నా మంచివి తెస్తాడన్నారు. రాజుకి ఇవ్వాలంటే బంగారం ఇవ్వాలిగానీ ఇవేమిటన్నారు. అప్పుడు గామా ఏమన్నాడో తెలుసా? తను వర్తకుడు కాదు, రాయబారి. ఇవి తన సొంతంగా ఇస్తున్నవి, తన రాజు పంపినవి కావు. తన రాజు మళ్ళీ పంపినప్పుడు ఇంతకన్నా ఎన్నోరెట్లు విలువైనవి పంపుతాడు!

అక్షరాలా మా అన్నయ్య మాట. పుస్తకం మూసి నవ్వుకున్నాను. కాస్సేపటికి నవ్వు ఆగిపోయింది. వేరే దేశంవాడైతేనేం, అంతమంది ముందు మొహం చెల్లక అబద్ధమాడిన మగవాడి గొంతు నాకు తెలుసు.

మరి ఓడలు కట్టించిన రాజు కానుకలు పంపడానికి అంత పిసినారితనం చేశాడా అంటే, అసలు లోపం అక్కడ లేదు. వాళ్ళకి ఇంతకుముందు తెలిసింది ఆఫ్రికా తీరాలు. మూడు కడియాలకి ఎద్దునిచ్చిన చోటు. ఎవరింటికి వెళ్ళినా అదే సారె చాలుననుకున్నారు. వాళ్ళ కన్నా ఐశ్వర్యవంతుల ఇంటికి వెళుతున్నామని వాళ్ళకి తట్టనే లేదు.

తరవాతి రోజు రాజుగారు గామాని గంటల తరబడి వాకిట్లో నిలబెట్టి లోపలికి పిలిచారు. పిలిచి ఒక ప్రశ్న వేశారు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ ప్రశ్నే. నువ్వు కనిపెట్టడానికి వచ్చింది రాళ్ళనా, మనుషులనా? మనుషులకోసమే వచ్చివుంటే వాళ్ళకోసం ఏమీ తీసుకురాలేదేం?

ఆ రాజుగారికి కావలసింది బంగారమే, నేను కాదనను. నీ ఓడలో బంగారపు మేరీమాత వుందట కదా, అదివ్వమని కూడా అడిగారు. అది బంగారం కాదు, పూతే, బంగారమైనా ఇవ్వను, నన్ను సముద్రం దాటించిన తల్లి అన్నాడు గామా. ఆ మాటకి మాత్రం నేను ఆయనకి మార్కులేశాను. కానీ అడిగినవాడు ఏ బుద్ధితో అడిగినా ప్రశ్న ప్రశ్నే. రాళ్ళకోసమా, మనుషులకోసమా? మా అత్తవారి సావిట్లో ఆరోజు ఎవరైనా ఆ మాట అడిగివుంటే ఎంత బావుండేది! మీరు బిందెల్లోకి చూస్తున్నారు సరే, బిందెల వెనకాల ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల నిలబడి వుంది, చూశారా అని.

ఆ తరవాత మూడు నెలలు వాళ్ళు అక్కడే వున్నారు. గామా సరుకు ఎవరూ కొనలేదు. ఓడవాళ్ళు తమ కొత్తచొక్కాలు కూడా వచ్చిన ధరకి అమ్ముకుని గుప్పెడు లవంగాలూ, దాల్చినచెక్కా కొనుక్కున్నారు. కానీ వూళ్ళోకి వెళ్ళిన ఓడవాళ్ళకి జనం ఆదరంగా అన్నం పెట్టారట. జాలర్లు చేపలు పట్టుకుని ఓడలమీదికి వచ్చేవారు. చాలామంది పసిపిల్లల్ని కూడా వెంట తీసుకొచ్చేవారు. ఆ పిల్లలకి తిండి పెట్టమని గామా ఆజ్ఞాపించాడని డైరీలో వుంది.

రాజులకీ రాయబారులకీ కుదరని స్నేహం పిల్లల కంచాల దగ్గర కుదిరిందన్నమాట.

చివర్లో సుంకం దగ్గర గొడవ వచ్చింది. అటు గామా మనుషుల్ని ఆపారు, ఇటు గామా వూరివాళ్ళని పట్టుకున్నాడు. ఆగస్టు 29న ఓడలెత్తాడు. పట్టుకున్నవాళ్ళలో కొందర్ని వదలకుండా తనతో పోర్చుగల్‌కి తీసుకుపోయాడు. వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి ఏమయిందో ఏ పుస్తకంలోనూ లేదు. పోతూ పోతూ గాలి ఎదురుగా వున్న రుతువులో సముద్రానికెక్కాడు. వచ్చేటప్పుడు 23 రోజులు పట్టిన దారి తిరుగుప్రయాణంలో దాదాపు మూడు నెలలు పట్టింది. చిగుళ్ళు వాచి, రక్తం కారి, ఆ ఒక్క దారిలోనే 30 మంది పోయారు. నడిపేవాళ్ళు లేక ఒక ఓడని వాళ్ళే తగలబెట్టుకున్నారు. బయలుదేరిన సుమారు 170 మందిలో ఇల్లు చేరినవాళ్ళు ఇంచుమించు 55 మంది. ఆ తల్లులకీ కడుపుకోతే.

ఆ తరవాత వాళ్ళు ఏటేటా వస్తూనే వున్నారు. ఆ రాకపోకల్లో మన ఇళ్ళలోకి ఎన్ని చేరాయో చూడండి. మిరియాలకోసం వచ్చినవాళ్ళు మనకి మిరపకాయనిచ్చారు! పేరులోనే పోలిక వుంది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియమే. అంటే మన ముత్తవ్వల ముత్తవ్వలకి ఎర్రటి ఆవకాయ తెలియదన్నమాట. అల్మారా, ఇస్త్రీ, మేస్త్రీ, బొత్తాము, తువ్వాలు, వేలంపాట, ఇవన్నీ ఆ ఓడలతో వచ్చిన మాటలే. పొద్దున్న లేచింది మొదలు పోర్చుగీసు మాట్లాడుతూ మనకి ఆ భాష రాదనుకుంటున్నాం!

కథ ఇక్కడ ఆపేస్తే ఎంతో బావుండును. చుట్టం వచ్చాడు, సారె చూసి నవ్వారు, అలిగి వెళ్ళాడు, మిరపకాయ పంపాడు అని. కానీ తరవాతి పేజీ తిప్పాను. తిప్పకుండా వుండాల్సింది అనిపించింది.

1500లో కబ్రాల్ అనే ఆయన వచ్చాడు. కాలికట్‌లో పోర్చుగీసు గిడ్డంగిమీద జనం పడి 50 మందికి పైగా చంపారు. ఆయన రేవులో ఓడలు తగలబెట్టి, నగరంమీద ఫిరంగులు పేల్చాడు. 1502లో సుమారు 20 ఓడలతో మళ్ళీ గామా వచ్చాడు. ఈసారి కానుకల జాబితా ఎవరూ రాయలేదు. ముస్లిం వర్తకుల్ని వూళ్ళోంచి వెళ్ళగొట్టమన్నది ఆయన షరతు. వందల ఏళ్ళుగా తనని నమ్ముకున్నవాళ్ళని వెళ్ళగొట్టనన్నాడు జామొరిన్.

అంతకుముందే, కన్ననూరు తీరం దగ్గర, మక్కా యాత్రనించి తిరిగివస్తున్న ఒక ఓడ గామాకి దొరికింది. పేరు మిరీ. కాలికట్‌కి చెందిన ఓడ. అందులో వందలమంది యాత్రికులు, ఆడవాళ్ళు, పసిపిల్లలు. గామా ఓడలోని సొమ్మూ సరుకూ దింపించుకున్నాడు. తరవాత ఓడకి నిప్పుపెట్టమన్నాడు. ఆ దండులో ఒక ఓడమీద గుమాస్తాగా వున్న తొమే లోపెస్ ఇదంతా కళ్ళారా చూసి రాశాడు. ఆ ఆడవాళ్ళు తమ నగలు తీసి చూపించి, ఇవన్నీ ఇచ్చేస్తాం ప్రాణాలు వదలమని బతిమాలారు. కొందరు చంటిబిడ్డల్ని రెండు చేతులా పైకెత్తి చూపించారు. ఈ పసివాళ్ళనైనా చూడండి అన్నట్టు. గామా తన ఓడలోంచి అదంతా చూశాడు. మనసు మారలేదు. తమ మతంలో కలుపుకోవడానికని సుమారు 20 మంది పిల్లల్ని మాత్రం దింపుకున్నారు. ఓడ రోజుల తరబడి పోరాడి కాలింది. అది 1502 అక్టోబరు 3, సోమవారం, బతికినన్నాళ్ళూ ఆ తేదీ మర్చిపోలేనన్నాడు లోపెస్.

నేను ఆ పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ పూట ఏం వండానో గుర్తులేదు.

1498లో చంకన బిడ్డతో చూడవచ్చిన తల్లీ, 1502లో బిడ్డని పైకెత్తి చూపిన తల్లీ ఒకరే అని నేననను. ఓడమీద పిల్లలకి అన్నం పెట్టించినవాడూ, నిప్పు పెట్టించినవాడూ మాత్రం ఒకరే. సారె చూసి నవ్వినందుకే ఇంత జరిగిందనీ అనను. నవ్వకపోయినా ఆ ఫిరంగులు పేలేవే. వాళ్ళు వచ్చింది మిరియాల వ్యాపారం మొత్తం చేతిలో పెట్టుకోవడానికి. ఆ వ్యాపారం అప్పటికి ముస్లిముల చేతిలో వుంది, వాళ్ళతో మతవైరం వీళ్ళకి ముందునించీ వుంది. జామొరిన్ అడిగిన ప్రశ్నకి గామా సరైన జవాబు నాలుగేళ్ళ తరవాత ఇచ్చాడు, అంతే. రాళ్ళకోసమే.

ఇంత చదివి, ఇంత బాధపడి, నేనేం నేర్చుకున్నానో కూడా చెప్పాలి కదా!

మా అబ్బాయి తనతో పనిచేసే అస్సాం అమ్మాయిని చేసుకున్నాడు. పెళ్ళికి ముందు వాళ్ళ అమ్మానాన్నా మా ఇంటికి మొదటిసారి వచ్చారు. మూడు రైళ్ళు మారి, మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చారు. కూర్చోగానే వియ్యపురాలు సంచీలోంచి రెండు చేతులా తీసి, తలవంచి, నా చేతికి ఒకటి ఇచ్చింది. చూస్తే తెల్లటి నూలు తువ్వాలు! ఎర్రటి అంచు. ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు లాంటిది. మా ఆడపడుచు నాకేసి చూసింది. నేను ఆవిడకేసి చూశాను.

అవునండీ. నవ్వాను. నేనే.

పెద్దగా కాదు, పెదవి చివర. కానీ ఆ వచ్చినావిడ చూసింది. నాకు తెలుసు, ఎందుకంటే ఆవిడ మొహం కందగడ్డలా అయింది. ఒక్కసారిగా మా సావిడి, బిందెలు, అన్నయ్య, కాలికట్, అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను. గబగబా కాబోయే కోడల్ని పిలిచి, "ఇది ఏమిటమ్మా? మీ ఇళ్ళలో దీన్నేం చేస్తారు?" అని అడిగాను.

ఆ పిల్ల చెప్పింది. దాని పేరు గామోసా అట. వాళ్ళవైపు ఎంత గొప్ప అతిథికైనా ఇచ్చే గౌరవం అదేనట. దేవుడి దగ్గర పరిచేదీ, బిహు పండక్కి పెద్దలకి పెట్టేదీ అదే. దుకాణంలో కొన్నది కాదు, వాళ్ళమ్మ ఇంట్లో సొంత మగ్గంమీద నాకోసం నేసింది. మూడు రైళ్ళు మారేటప్పుడు కూడా ఆ సంచీని ఎవరికీ ఇవ్వలేదట.

నేను దాన్ని భుజాలమీద వేసుకుని వియ్యపురాలి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడకి తెలుగు రాదు, నాకు అస్సామీ రాదు. ఇద్దరికీ వచ్చిన హిందీ అంతంతమాత్రం. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ మా ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేం నవ్వాం, ఆవిడా నవ్వింది. అది చెంబు నవ్వే. సారె నవ్వు కాదు.

ఆ గామోసా మా ఇంట్లోనే వుంది. ఏటా పండక్కి తీసి భుజాన వేసుకుంటాను. మళ్ళీ వుతికి, ఇస్త్రీ చేసి, అల్మారాలో పెడతాను. ఆ రెండు మాటలూ ఎక్కడినించి వచ్చాయో మీకిప్పుడు తెలుసుగా.